ప్రతిపక్ష ధర్మము

మన తార్కికులు చర్చను మూఁడు విధములుగా విభజించిరి. సత్యమును దెలిసికొనవలెనను కోరికతో గురుశిష్యులు గాని, సమానులైన మిత్రులు గాని చేయునది వాదము. గెలుపే ప్రయోజనముగా నుభయపక్షములవారును తమతమ సిద్ధాంతములను నిలుపుకొనుచు నెదిరి సిద్ధాంతమును ఖండించునది జల్పము. తనకంటూ నొక సిద్ధాంతమే లేక, యెదుటివాఁడు చెప్పినదానిని ఖండించుటతోనే తృప్తి నొందునది వితండ. నేఁటి వాడుకలో వితండవాద మన్నది తిట్టుగా మాఱినది గాని, పూర్వులు దానిని బొత్తిగా వెలివేయలేదు. గౌతముఁడు తన న్యాయసూత్రములలో జల్పవితండలకును ఒక ప్రయోజనమును జూపెను. లేఁత మొలకలను పశువులు మేయకుండ రైతు వాని చుట్టును ముండ్లకంప వేయును గదా. అట్లే నిశ్చయింపఁబడిన సత్యమును దుర్వాదులనుండి కాపాడుకొనుటకు ఈ రెండును బనికివచ్చునని యాతని తాత్పర్యము.

ఈ యుపమానము మిక్కిలి లోఁతైనది. కంచెకు ముండ్లుండుట దోషము కాదు. ముండ్లు లేనిది కంచెయే కాదు. కాని కంచె వేయుట మొలక కొఱకు. మొలకయే లేని పొలము చుట్టును ఎంత దట్టముగాఁ గంప నాటినను, పంటకాలమునకు రైతు చేతికి దక్కునది కంపయే.

నేఁడు మనము శాసనసభలలో నధికారము లేని పక్షమును ‘ప్రతిపక్ష’ మనుచున్నాము. తర్కశాస్త్రమున నా మాట కర్థము వేఱు. ఒక పక్షము తప్పని చెప్పుటతో నాఁగక, దానికి మాఱుగా ‘ఇది యొప్పు’ అని నిలుపఁబడిన సిద్ధాంతమే ప్రతిపక్షము. ఆ నిలుపుట లేకపోవుటయే వితండకు లక్షణము. కావునఁ బ్రతిపక్ష నాయకుఁడు వితండకు దిగినచో, ఇతరుల మాట యటుండఁగా, నాతఁడు తన బిరుదమునకే దూరమగుచున్నాఁడు.

ఇది కేవలము శబ్దచర్చ కాదు. 2022 మొదలు 2025 వఱకు కెనడా దేశమున నడచిన రాజకీయ వృత్తాంతమును బరిశీలించినచో, ఈ మూఁడు మాటల భేదము ఒక మహాజాతి భాగ్యమును ఎట్లు తాఁకఁగలదో తెలియును. ఆ దేశపు పార్లమెంటు మన పార్లమెంటువలెనే బ్రిటిషు సంప్రదాయమునుండి పుట్టినది. మన తెలుఁగు కుటుంబములనుండి చదువులకును ఉద్యోగములకును అచ్చటికి వెళ్లిన బిడ్డలు పెక్కురున్నారు. అన్నిటికంటె ముఖ్యముగా, ఆ దేశపు పక్షములలో దేనికిని మనము వోటు వేయువారము కాము. మన యూరి పక్షములను గూర్చి చర్చించునపుడు మన కన్నులకుఁ గమ్ము రాగద్వేషముల పొర యచ్చటి విషయములఁ జూచునపుడు కొంత పలుచఁబడును.

మొదట నా పదవి యెట్టిదో చూతము. 1826లో బ్రిటిషు పార్లమెంటున హాబ్‌హౌసు అను సభ్యుఁడు ‘రాజుగారి ప్రతిపక్షము’ అను మాటను హాస్యముగాఁ బలికెను. రాజుగారి మంత్రులను ఎదిరించువారు రాజుగారివారే యగుట యెట్లను వింతయే యందలి హాస్యము. ఆ హాస్యమే క్రమముగా నొక రాజ్యాంగ సత్యమయ్యెను. 1905లో కెనడా పార్లమెంటు ప్రతిపక్ష నాయకునకుఁ బ్రజాధనమునుండి జీత మేర్పఱచెను. బ్రిటను ఆ పని చేసినది 1937లో. మన దేశము చట్టము చేసినది 1977లో. ఒటావా నగరమున స్టోర్నవే యను పేరుగల యొక గృహము ప్రతిపక్ష నాయకుని నివాసమునకై కేటాయింపఁబడి యున్నది. తనకు విరోధముగా వాదించువానికే జీతమును, ఇల్లును ఇచ్చి పోషించు యజమానిని లోకమున మఱెచ్చటఁ జూతుము? ప్రజ లీ వింత వ్యయమును రెండు ప్రయోజనములకై భరించుచున్నారు. ప్రభుత్వము చేయు ప్రతి పనిని ఒరపెట్టి చూచువాఁడొకఁడు కావలెను, ఇది మొదటిది. ఆ ప్రభుత్వము పడిపోయిన మఱునాఁడు రాజ్యభారమును మోయుటకు సిద్ధముగా నున్నవాఁడొకఁడు కావలెను; ఇది రెండవది. మొదటిది ఖండనము, రెండవది స్థాపనము. జీతము రెంటికిని గలిపి యిచ్చినదే.

పియర్ పొయిలివ్రేగారు 2022 సెప్టెంబరులో కన్సర్వేటివు పక్షమునకు నాయకులైరి. మొదటి లెక్కింపులోనే నూటికి 68 వంతుల బలమును సంపాదించి యెన్నికైరి. 2004 నుండి పార్లమెంటు సభ్యులు, మంత్రిపదవియు నిర్వహించినవారు, వాగ్ధాటిలో నా సభయందు వారికి సాటి వచ్చువా రరుదు. వారిని విమర్శించుటకు ముందు వారి కీయవలసిన గౌరవమును ఈయవలెను. 2022 జూనునాటికిఁ గెనడాలో ధరల పెరుగుదల సంవత్సరమునకు నూటికి 8.1 వఱకుఁ బోయెను. ఇండ్ల ధరలు, అద్దెలు సామాన్యుల కందకుండఁ బోయెను. ఉద్యోగమున్నను ఇల్లు కొనలేని యువకులు లక్షలకొలఁది యుండిరి. ఏడేండ్లుగాఁ బాలించుచున్న లిబరలు పక్షము ఆ బాధను ఆలస్యముగాఁ గుర్తించెను. పొయిలివ్రేగారు ముందుగా గుర్తించి, వారి భాషలో వారికి వినఁబడునట్లు పలికిరి. కన్నీటిని చూడఁగల్గుట నాయకునకు మొదటి గుణము. ఆ గుణము వారియందు లేదని యెవ్వరును అనఁజాలరు.

కాని యా బాధను జూచిన పిదప వారు పన్నిన వ్యూహ మేమి? అది రెండు గుఱులమీఁద నిలిచినది. ఒకటి యొక పన్ను. రెండవది యొక మనుష్యుఁడు. పన్ను కర్బన పన్ను. మనుష్యుఁడు ప్రధానమంత్రి జస్టిన్ ట్రూడో.

ఆ పన్ను సంగతి పాఠకులకుఁ గొంత వివరింపవలెను. పెట్రోలు, సహజవాయువు మొదలగువానిని గాల్చుటచే బొగ్గుపులుసు వాయువు పుట్టి భూగోళము వేఁడెక్కుచున్నది. ఆ వాడుకను దగ్గించుటకై, తమకుఁ దగిన ఏర్పాటు లేని రాష్ట్రములలో ఇంధనముపైఁ బన్ను వేయుటకు లిబరలు ప్రభుత్వము 2019లోఁ బ్రారంభించెను. టన్నుకు 20 డాలరులతో మొదలై 2024 నాటికి 80 డాలరులయ్యెను. వసూలైన సొమ్ములో నధికభాగమును మూఁడు నెలల కొకసారి కుటుంబములకు మరల నిచ్చుచుండిరి. పన్ను రూపమున నేరుగాఁ జెల్లించినదానికంటె మరలఁ బొందినదే యధికమైన కుటుంబములే పెక్కు. దేశపు ఆర్థికస్థితిపై దాని పరోక్షఫల మెంత యనుటలో మాత్రము వివాద ముండెను. ఇది నిజముగా వాదమునకుఁ దగిన విషయము. పన్ను భారము ఎవరిపై నెంత? చలిదేశమున పల్లెలలో దూరదూరముగా నివసించువారి గతి యేమి? పన్ను కానిచో వేఱుమార్గమేది? ఈ ప్రశ్నల నడిగి, తమ యుత్తరముఁ జెప్పి, ప్రభుత్వమును నిలువఁదీసియుండినచో నది యుత్తమమైన ప్రతిపక్ష ధర్మమయ్యెడిది.

జరిగినది వేఱు. ‘పన్నును నఱకుదము, ఇండ్లు కట్టుదము, ఆయవ్యయములను సరిదిద్దుదము, నేరముల నాపుదము’ అను నాలుగు ముక్కల నినాదము దేశమంతట మ్రోఁగెను. అందును మొదటి ముక్కయే మూఁడు ముక్కలను మ్రింగెను. రాఁబోవు నెన్నిక యీ పన్నును గూర్చిన యెన్నికయే కావలెనని వారు పట్టుపట్టిరి. 2024 సెప్టెంబరు 25వ తేదీన వారి యవిశ్వాస తీర్మానము 120కి 211 వోట్లతో వీఁగిపోఁగా మఱొకటి, అదియు వీఁగిపోఁగా నింకొకటి ప్రతిపాదించిరి. మరల నిచ్చు సొమ్ము మాట వారి యుపన్యాసములలో నంతగా వినఁబడలేదు. విచిత్రమేమనఁగా, 2021 ఎన్నికలలో ఆ కన్సర్వేటివు పక్షమే వేఱొక నాయకుని క్రింద ఒకవిధమైన కర్బన మూల్యమును తన ప్రణాళికలోఁ జేర్చుకొనెను. పొయిలివ్రేగారును ఆ పక్షపు అభ్యర్థిగనే నాఁడు పోటీచేసిరి. అభిప్రాయము మార్చుకొనుట తప్పు గాదు. కాని మార్చుకొన్నవాఁడు తొల్లిటిదానికి బదులుగా దేనిని నిలుపుచున్నాఁడో చెప్పవలెను. ఇచ్చటఁ బన్నుకు బదులుగా ‘సాంకేతిక విద్య’ యను నొక్కమాట తప్ప, ఎంతకాలములో నెంత వాయువు తగ్గునను లెక్క ప్రజలకు దక్కలేదు. ఇండ్ల విషయమున వారు కొన్ని ప్రతిపాదనలు చేసిరి. అది న్యాయముగా నొప్పుకొనవలెను. కాని యే విషయముపై వారు కత్తి నూఱిరో, ఆ విషయముననే వారి పక్షము శూన్యముగా నుండెను.

ఇంతకంటె సూక్ష్మమైన ధర్మసంకట మొకటి 2024 జూనులో వచ్చెను. విదేశములు కెనడా రాజకీయములలోఁ జేయిపెట్టుచున్నవని పార్లమెంటు సభ్యుల సంఘమొకటి నివేదిక సమర్పించెను. కన్సర్వేటివు పక్షపు నాయకత్వ యెన్నికలలోనే యట్టి జోక్యము జరిగినదన్న ప్రస్తావనయు నందుండెను. అందలి రహస్యభాగమును జదువుటకు, రహస్యమును గాపాడుదునని యొప్పుకొని యనుమతి పొందవలెను. ఇతర పక్షముల నాయకులు ఆ యనుమతి పొందుట కొప్పుకొనిరి. పొయిలివ్రేగారు వలదనిరి. రహస్యము తెలిసినపిదప తన నోరు కట్టువడునని, ప్రభుత్వమును స్వేచ్ఛగా విమర్శింపఁజాలననియు వారి వాదము.

ఈ వాదము నిస్సారమైనది కాదు. రహస్యమను పేరుతో విమర్శకుల నోళ్లు మూయించిన ప్రభుత్వములు చరిత్రలోఁ బెక్కు గలవు. పత్రికా విలేఖకుఁ డిట్లు చెప్పినచో మేము మెచ్చుకొందుము. కాని ప్రతిపక్ష నాయకుఁడు కేవలము విలేఖకుఁడు కాఁడు. ఱేపు ప్రధానమంత్రి కావలెనని కోరువాఁడు. తన పెరటిలో దొంగ దిగెనని యిరుగుపొరుగువారు చెప్పుచుండఁగా, ‘చూచినచో నఱవరాదఁట, కావునఁ జూడక యఱచెదను’ అను గృహస్థుని మన మేమందుము? తెలిసి మితముగా మాటాడుట కంటె, తెలియక యపరిమితముగా మాటాడుట మేలని యెంచుట వితండకుఁ బరాకాష్ఠ. ఏలయన, స్థాపింపవలసిన పక్షమున్నవానికి జ్ఞానము కావలెను. ఖండనమొక్కటే పనియైనవానికి జ్ఞానము భారమగును.

మాట తీరును ఈ వ్యూహములో భాగమే. పేర్లు పెట్టుట, దేశమున సర్వమును జెడిపోయినదని నిత్యము చాటుట, సభలో వెక్కిరించుట సామాన్యమయ్యెను. 2024 ఏప్రిలు 30వ తేదీన ప్రధానమంత్రిని మతిలేనివాఁడను నర్థము వచ్చు మాటతో దూషించి, సభాపతి కోరినట్లు ఆ మాటను ఉపసంహరింపక, పొయిలివ్రేగారు నాఁటికి సభనుండి వెలుపలికిఁ బంపఁబడిరి. ఎదుటి పక్షమువారును మృదుభాషులు కారు. వారును మాటకు మాట యంటఁగట్టిరి. కాని మతిలేనివాఁడని తిట్టినపిదప వానితోఁ జర్చింపవలసిన పని లేదు గదా. తిట్టు తిట్టినవానిని చర్చనుండి విముక్తునిఁ జేయును. అందులకే యది సులభము. అందులకే యది ప్రమాదము.

2024 తుదినాటికి ప్రజాభిప్రాయ సేకరణములలోఁ గన్సర్వేటివు పక్షము లిబరలు పక్షమును నూటికి ఇరువదికిఁ బైగా మించియుండెను. అంతలో రంగము మాఱినది. 2025 జనవరి 6వ తేదీన ట్రూడోగారు తాము తొలఁగిపోవుదుమని ప్రకటించిరి. అమెరికా అధ్యక్షుఁడు ట్రంపు కెనడా సరుకులపై సుంకములు విధించుచు, ఆ దేశమును తమ 51వ రాష్ట్రముగాఁ జేసికొందుమని మాటాడసాగెను. బ్యాంకుల వ్యవహారములలో నారితేఱిన మార్క్ కార్నీగారు లిబరలు నాయకులై మార్చి 14న ప్రధానమంత్రి పదవిని స్వీకరించి, ఆనాఁడే కుటుంబములపై నున్న కర్బన పన్నును సున్న చేయుటకు నుత్తరువు వ్రాసిరి. ఏప్రిలు 1నుండి యది పోయెను. పెద్ద కర్మాగారములపై నున్నది మాత్రము నిలిచెను. రెండున్నరయేండ్లుగాఁ గూర్చిన వ్యూహమునకు గుఱులు రెండును ఒక్క ఋతువులో మాయమయ్యెను. మనుష్యుఁడు తొలఁగెను, పన్నును తొలఁగెను. కంచె యట్లే నిలిచియున్నది. దానిలోపలఁ జూపుటకు మొలక లేదు.

దేశము తన స్వాతంత్ర్యమును గూర్చియే చింతించుచున్న యా వేళఁ బ్రజలడిగినది వేఱు ప్రశ్న: ‘మీరేమి చేయుదురు?’ ఆ ప్రశ్నకు లెక్కలతోఁ గూడిన యుత్తరమును కన్సర్వేటివు పక్షము ఏప్రిలు 22న, అనఁగా వోటింగునకు ఆఱు దినములు ముందు, ప్రకటించెను. అప్పటికి ముందస్తు వోటింగు ముగిసి 73 లక్షలమంది వోటు వేసియుండిరి. లిబరలులును ఆ ముందస్తు వోటింగు నడుచుచుండఁగనే తమ ప్రణాళికను బయటఁబెట్టిరి గాన, ఈ యాలస్యదోషమున వారికిని భాగమున్నది. అయినను రెండేండ్లుగా నెన్నిక తక్షణమే కావలెనని పట్టుపట్టినవారికి సిద్ధాంతము మాత్రము తుదివారము వఱకు సిద్ధము కాకుండుట చిత్రము. ఏప్రిలు 28న 343 స్థానములలో లిబరలులకు 169, కన్సర్వేటివులకు 144 వచ్చెను. పొయిలివ్రేగారు తమ స్వంత నియోజకవర్గమగు కార్ల్‌టనులోనే యోడిపోయి, ఆగష్టు 18న ఆల్బెర్టా రాష్ట్రమున జరిగిన యుపయెన్నికలో గెలిచి సభకు మరల వచ్చిరి.

ఇప్పుడు మా ముఖ్య ప్రశ్నకు వచ్చితిమి. కెనడాలోఁ బొయిలివ్రేగారి వ్యూహమును విమర్శించినవారిలోఁ బెక్కురు, అందు సంప్రదాయవాదులు సయితము, చెప్పిన మాట యొక్కటే: రంగము మాఱినపుడు వారు త్వరగా మాఱలేదు, కావున నోడిరి, వ్యూహము ఫలింపలేదు, కావునఁ జెడ్డది. ఈ విమర్శతో మేము ఏకీభవింపము. లెక్కకు వచ్చినచో వ్యూహము నిష్ఫలమైనదియుఁ గాదు. ఆ పక్షమునకు 2021లో 119 స్థానములుండఁగా 2025లో 144 వచ్చెను, నూటికి 41.3 వోట్లు వచ్చెను. 1988 తరువాత నా తెగ రాజకీయమునకు అంతటి వోటు రాలేదు. 2024 శరత్కాలముననే యెన్నిక జరిగియుండినచో వారు ఘనవిజయము పొందెడివారని పలువురి యూహ. అట్లు గెలిచియుండినచో నా వ్యూహము మంచిదయ్యెడిదా? విమర్శకులు నాఁడు మహానీతిజ్ఞుఁడని పొగడెడివారే గదా?

మన భాషలో నీతి యను మాటకు రెండర్థములు గలవు. కార్యసాధనకై నడుపు నేర్పును నీతియే. మంచి నడవడియును నీతియే. రాజనీతి యన్నపుడు మొదటిది, నీతిశతక మన్నపుడు రెండవది తోఁచును. ఈ రెంటిని ఒక్క పదములో నిమిడ్చిన పూర్వులు, రెండును వేఱుపడినపుడు గలుగు కీడును ఎఱిఁగియే యట్లు చేసిరేమో యని మాకుఁ దోఁచును. ఓడిన వ్యూహమును ఓడినందులకై నిందించువాఁడు మొదటి నీతినే చూచుచున్నాఁడు. మేము రెండవదానిని జూడఁగోరుచున్నాము. పొయిలివ్రేగారి వ్యూహములోని దోషము 2025 ఏప్రిలులోఁ బుట్టినది కాదు. వారు గెలుచుచున్నట్లు కనఁబడిన దినములలోనే యున్నది. ఖండనముచేతనే గద్దె నెక్కినవానికి ‘ఇది చేయుఁడు’ అని ప్రజ లిచ్చిన యాజ్ఞ యేదియు నుండదు. అట్టి ప్రభుత్వము మఱునాఁటినుండి యెవరి నెదిరించి బ్రదుకును?

దీనికి మాఱుగా నా దేశపు చరిత్రమందే మఱియొక ప్రతిపక్ష నాయకుఁడు గలఁడు. రాబర్టు స్టాన్‌ఫీల్డుగారు ఆ తెగ పక్షమునకే నాయకులై 1968, 1972, 1974 సంవత్సరములలో మూఁడెన్నికలలో నోడిరి. 1972లో రెండు స్థానములు మాత్రమే తక్కువయయ్యెను. 1974లో ధరలు మండిపోవుచుండఁగా, వారు జీతములను, ధరలను కొంతకాలము కట్టడి చేయుదుమని తమ సిద్ధాంతమును బాహాటముగాఁ బ్రకటించిరి. అది చేఁదు మందు. జీతము పెరుగదని యెన్నికలముందు చెప్పుట సామాన్య సాహసము కాదు. నాఁటి ప్రధాని పియర్ ట్రూడోగారు, అనఁగా జస్టిన్ ట్రూడోగారి తండ్రి, ఆ ప్రతిపాదనను గేలిచేసి గెలిచిరి. గెలిచిన మఱు సంవత్సరమే, 1975 అక్టోబరులో, ఆయనయే జీతములను ధరలను కట్టడిచేయు శాసనమును దెచ్చెను. ఆ 1974లోనే ఫ్రెంచిభాషకు సమానగౌరవ మిచ్చుట నెదిరించిన మాంక్టను నగరాధ్యక్షుని దమ పక్షపు అభ్యర్థిగా నంగీకరింపక స్టాన్‌ఫీల్డుగారు త్రోసివేసిరి. అతఁడు స్వతంత్రుఁడుగా నిలిచి గెలిచెను. ఒక స్థానము పోయినను మాట నిలిచెను.

ఈ రెండు కథలలో నొక విచిత్రమైన సామ్యమున్నది. 1975లోను, 2025లోను గెలిచినవారు ప్రతిపక్షము కోరినదానినే చేసిరి. కాని భేదమును గమనింపుఁడు. స్టాన్‌ఫీల్డుగారినుండి ప్రభుత్వము తీసికొన్నది యొక స్థాపనము. అది మంచిదైనను కాకున్నను దేశము తనముందున్న కష్టమునకు ఒక యుత్తరమును బరీక్షించి చూచెను. పొయిలివ్రేగారినుండి తీసికొన్నది యొక నిరాకరణము; అది తీసికొన్నపిదప నిచ్చినవారి చేతిలోను, పుచ్చుకొన్నవారి చేతిలోను మిగిలినది శూన్యమే.

లోకజ్ఞులు మమ్ము ఇట్లాక్షేపింపవచ్చును: ‘మూఁడుమార్లోడి ప్రధాని కాలేనివానిని ఆదర్శముగాఁ జూపుచున్నారు. ముందుగాఁ బ్రణాళికఁ జెప్పినచో నధికారులు వెక్కిరింతురు, పనికివచ్చినచో దొంగిలింతురు. ఖండించుచు వేచియుండువాఁడే బుద్ధిమంతుఁడు.’ ఈ యాక్షేపణకు బలము లేకపోలేదు. గెలువవలెనను కోరిక రాజకీయమునఁ బాపము కాదు. గెలువనివాఁడు ఏమియు చేయఁజాలఁడు. అయినను దొంగతన మన్న మాట యిచ్చట సరిపడదు. దేశమునకు మేలు చేయు నాలోచనను ఎదుటివాఁడు తీసికొని యమలుపఱచినచో నష్టపడిన దెవ్వరు? ఆలోచన పక్షముయొక్క సొత్తైనచో నది దొంగతనము. ప్రజలకై చేసినదైనచో నది చేరవలసినచోటికే చేరినది. పైగా శ్రీహర్షునివంటి తత్త్వవేత్త ఖండనఖండఖాద్యము వ్రాసి, నైయాయికుల లక్షణముల నన్నిటిని ఖండించి చూపవచ్చును. నైషధకర్తగా శ్రీనాథుని మూలమున మన యిండ్లకుఁ బరిచితుఁడైన యా మహాకవి ఖండనముతోనే యాఁగినను లోకమునకు నష్టములేదు. మఱునాఁడు ప్రమాణ ప్రమేయములకు మంత్రియై వాని నాతఁడు పాలింపవలసిన పని లేదు. ప్రతిపక్ష నాయకునకు ఆ వెసులుబాటు లేదు. అతని ఖండనము ఫలించినచో, ఆ సాయంకాలమే పాలనము అతని తలపైఁ బడును.

వితండవలనఁ గలుగు నసలు కీడు దానిని జేసినవారి యోటమి కాదు. ఆ యోటమి వారి గృహకృత్యము. అసలు కీడు ప్రశ్నకుఁ గలుగును. ఆఱేండ్లు ఆ పన్నును సమర్థించిన లిబరలు పక్షము, అది తప్పని యొప్పుకొనకయే, ఒప్పని నిలువకయే, ఒక్క సంతకముతో దానిని వదలిపెట్టెను. ఒప్పైనచో నేల వదలిరి? తప్పైనచో నాఱేండ్లేల పట్టిరి? ఈ ప్రశ్నను గట్టిగా నడుగవలసినవాఁడు ప్రతిపక్ష నాయకుఁడు. కాని తాను వేఱుమార్గమును జూపనివాఁడు గనుక నడుగఁజాలకపోయెను. వేఁడెక్కుచున్న భూమిని గాపాడుట యెట్లు, ఆ భారము బీదవాని వీఁపుపైఁ బడకుండఁ జేయుట యెట్లు అను రెండు ప్రశ్నలును 2019లో నెంత బరువైనవో 2025లోను నంత బరువైనవే. నడుమ రెండు పక్షములును యుద్ధముచేసి, ఇరువురును ఆ ప్రశ్నను రణరంగములో వదలి యింటికిఁ బోయిరి. ఒకరి వితండ మఱొకరి సిద్ధాంతమును గూడఁ దినివేయును. ఇదియే మాకు దుఃఖకారణము.

ఇందులోఁ బ్రజల భాగమును లేకపోలేదు. పాఠశాలలలో వక్తృత్వ సభలు నడుపువా రందఱును ఎఱిఁగిన విషయ మొకటి గలదు. ఎదుటి విద్యార్థి చెప్పినదానిని ఛిన్నాభిన్నము చేయువానికిఁ జప్పట్లు మ్రోఁగును. ‘సరే, నీ యభిప్రాయమేమి?’ యని యడిగినపుడు నిదానముగా, తడుముకొనుచుఁ జెప్పువానికిఁ జప్పట్లు రావు. చప్పట్లెటు పోవునో బాలుర చదువును అటే పోవును. నాయకుల చదువును అంతే. వినువారు వెక్కిరింతకు నవ్వి, వివరణకు నావులించినంతకాలము, ఏ దేశమునను నాయకులు వెక్కిరింతనే యభ్యసింతురు. ఇంట నెల్లపుడు తప్పులెన్నువాని మాటను బిడ్డలు వినుట మానివేయుదురని యెఱిఁగిన మనమే, సభలలోఁ దప్పులెన్నువానినే వీరుఁడని భుజముల కెత్తుకొనుచున్నాము.

కావున నే దేశమందైనను, ఏ పక్షమందైనను, అధికారములో నున్నవారి నెదిరించు నాయకుఁడు మనముందు నిలిచినపుడు వానిని నడుగవలసిన ప్రశ్నలు మూఁడని మాకుఁ దోఁచుచున్నది. నీవు కూల్చఁదలఁచినదానిచోట దేనిని నిలుపుదువు? నీవు నిందించుచున్నదానిని గూర్చి తెలిసికొనవలసినదంతయుఁ దెలిసికొంటివా? నీ విరోధి ఱేపు తొలఁగిపోయినచో నీవద్ద చెప్పుట కింక నేమి మిగులును? ఈ ప్రశ్నలకు నుత్తరము చెప్పఁగలవాని మాటలో ముండ్లున్నను మనము భయపడ నక్కఱలేదు. అవి మొలక చుట్టునున్న ముండ్లు. చెప్పలేనివాఁడు గెలిచినను, ఓడినను, వాని పొలమున మనకుఁ బంట యుండదు.